ప్రధాన సంఖ్యల వారికి ఓ తండ్రి ఫిర్యాదు

శ్రీయుత ప్రధాన సంఖ్యల వారికి,

నమస్కారాలు. మొన్న రాత్రి ఆరో తరగతి చదివే మా అమ్మాయి "నాన్నా, 91 ప్రధాన సంఖ్యేనా?" అని అడిగింది. 1తోనూ తనతోనూ తప్ప ఇంక దేనితోనూ భాగం పోనివాళ్లే కదా మీరు! ఇదీ 2తో పోదు, 3తో పోదు, 5తో పోదు. చూడ్డానికి అచ్చం మీ ఇంటి బిడ్డే. "అవునమ్మా" అని హోంవర్క్ కింద సంతకం కూడా పెట్టాను. మర్నాడు నా సంతకం పక్కనే ఎర్ర ఇంకుతో 7 × 13 అని వచ్చింది. నా పరువు ఎక్కాల పుస్తకంతో సహా అటకెక్కింది.

మీ వేషం వేసుకుని తిరిగేవాళ్లను అదుపులో పెట్టుకోవద్దా? ఏ వేషమూ ఎరగని 1ని మాత్రం గడప తొక్కనివ్వరు. కారణం తెలుసు లెండి. దాన్ని రానిస్తే 6ని 2 × 3 అనొచ్చు, 1 × 2 × 3 అనొచ్చు, 1 × 1 × 2 × 3 అనొచ్చు. సంఖ్యకు ఒకే వంశవృక్షం అన్న మీ పట్టుదల గంగలో కలుస్తుంది.

గుణకారంలో అంత మడి! 100ని ఎటునుంచి విరిచినా 2, 2, 5, 5. వరస మారుతుందేమో గానీ ఆ నలుగురూ మారరు. కూడిక దగ్గరికొచ్చేసరికి మడీ లేదు, తడీ లేదు. అదే 100కి 3 + 97, 11 + 89, 17 + 83, 29 + 71, 41 + 59, 47 + 53. ఆరు జంటలు! 91కి మాత్రం 2 + 89 ఒక్కటే. బేసి సంఖ్య కదా, జంటలో ఒకరు 2 కాక తప్పదు.

1742 జూన్ 7న గోల్డ్‌బాక్ అనే గణితవేత్త, గణితంలో ఉద్దండుడైన ఆయిలర్‌కి రాసిన ఉత్తరంతో మొదలైంది ఈ కూడికల గొడవ. 2 కన్నా పెద్దదైన ప్రతి సరి సంఖ్యా మీలో ఇద్దరి మొత్తమేనా? ఆయిలర్ నిజమేనని నమ్మాడు, నిరూపించలేకపోయాడు. 4 పక్కన 18 సున్నాలు పెట్టినంత దాకా కంప్యూటర్లు వెతికినా ఒక్కటీ తప్పలేదు. అయినా నిరూపణ లేదు. 5 దాటిన బేసి సంఖ్యలకు మీలో ముగ్గురు చాలని 2013లో హెల్ఫ్‌గాట్ అనే గణితవేత్త నిరూపణ రాశాడు. అక్కడ లొంగారు, ఇక్కడ బిగుసుకున్నారు.

"ఆయిలర్ అంతటివాడికే లొంగనివాళ్లు నాకు లొంగుతారా?" అన్నాను మా ఆవిడతో.

"ఆయనకి 91 సంగతి తెలుసు" అంది.

ఇట్లు,
నమ్మి సంతకం పెట్టినవాడు

తా.క.: ఇప్పుడే అమ్మాయి 119ని పట్టుకొచ్చింది. మీ చుట్టమేనంటోంది. ఈసారి సంతకం వాళ్లమ్మ చేత పెట్టిస్తాను.