ఫ్రీలాన్సర్‌కి ఇంటర్వ్యూ అక్కర్లేదా? ఆ ఐదు సలహాలకు జవాబు

చిన్న వ్యాపారుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక సలహా తెగ చక్కర్లు కొడుతోంది. వెబ్‌సైట్ చేయించుకోవడానికి ఫ్రీలాన్సర్‌ని ఇంటర్వ్యూ చేయడం దండగట. పోర్ట్‌ఫోలియో (ఇంతకుముందు చేసిన పనుల నమూనాలు) చూడు, ఫ్రీగా ఓ శాంపిల్ చేయించు, కొటేషన్లలో తక్కువది పట్టు, పనంతా అయ్యాకే డబ్బివ్వు, డబ్బిచ్చాక అంతా నీదే. ఐదు ముక్కల్లో అయిపోతుంది కాబట్టి ఫార్వర్డ్ చేయడమూ తేలికే.

ఇందులో ఒక మాట మాత్రం నిజం. ‘మీ బలాలేంటి, ఐదేళ్ల తర్వాత ఎక్కడుంటారు’ తరహా హెచ్‌ఆర్ ఇంటర్వ్యూ రెండు నెలల పనికి వచ్చే మనిషికి అనవసరం. కానీ ఆ ఇంటర్వ్యూ వద్దన్నంత మాత్రాన అసలు ఇంటర్వ్యూయే వద్దని కాదు.

మాట గాల్లో తేలకుండా ఒక పనిని ముందు పెట్టుకుందాం. వాట్సాప్‌లో ఆర్డర్లు తీసుకుంటున్న పచ్చళ్ల వ్యాపారానికి సొంత సైటు కావాలి. నలభై రకాలు. పావుకిలో, అరకిలో, కిలో ప్యాకింగ్‌లు. పార్సిళ్లు హైదరాబాద్‌కీ వెళ్తాయి, అమెరికాకీ వెళ్తాయి.

‘పోర్ట్‌ఫోలియో చూస్తే సరిపోతుంది’

పోర్ట్‌ఫోలియోలో కనిపించేది సైటు ముఖం. ఆ ముఖం చాలాసార్లు కొనుక్కున్న థీమ్‌ది, అంటే రెడీమేడ్ డిజైన్‌ది. నలుగురు కలిసి చేసిన పనినే నలుగురూ తమ తమ పోర్ట్‌ఫోలియోల్లో పెట్టుకుంటారు. అది తప్పేమీ కాదు, కాకపోతే అందులో ఈయన వాటా ఎంతో ఫొటో చెప్పదు.

కాబట్టి పది సైట్లు చూడొద్దు. ఇప్పుడు నడుస్తున్నది ఒక్కటి ఎంచుకుని, స్క్రీన్ షేర్ చేయించి పావుగంట దాని మీదే కూర్చోండి. ఇందులో మీరు చేసినదేది, వేరేవాళ్లు చేసినదేది? సైటు మొదలయ్యాక మొదట ఏది చెడింది, ఎలా సరిచేశారు? క్లయింట్ అడిగినవాటిలో మీరు వద్దన్నదేమైనా ఉందా? పని చేసినవాళ్లు ఇలాంటి చోట వివరాల్లోకి దిగిపోతారు, ఒక్కోసారి ఆపడమే కష్టం. చేయనివాళ్లు ‘మొత్తం మేమే చేశాం సార్, క్లయింట్ ఫుల్ హ్యాపీ’ దగ్గరే తిరుగుతుంటారు. ఆ తర్వాత అదే సైటుని మీ ఫోన్‌లో తెరిచి, ఏదో ఒక వస్తువు కార్ట్‌లో వేసి, పిన్‌కోడ్ మార్చి, పేమెంట్ పేజీ దాకా వెళ్లి చూడండి.

కాల్‌లో మిగతా అరగంట మీ పని మీద ప్రశ్నలకి. మీరు టెక్నికల్ మనిషి కాకపోయినా అడగగలిగినవి మూడున్నాయి.

ఒకటి: ‘కస్టమర్ యూపీఐలో డబ్బు కట్టాడు, డబ్బు పోయింది, మన సైటుకి తిరిగి వచ్చేలోపే ఫోన్ ఆఫ్ అయింది. ఆర్డర్ ఏమవుతుంది?’ డబ్బు అందిన సంగతిని కస్టమర్ బ్రౌజర్ మీద ఆధారపడి తెలుసుకునే సైట్లలో ఈ ఆర్డర్ గల్లంతవుతుంది. పేమెంట్ గేట్‌వే (సైటు తరఫున ఆన్‌లైన్‌లో డబ్బు వసూలు చేసే సేవ) నేరుగా మన సర్వర్‌కి పంపే సందేశం ఒకటి ఉంటుంది, దాన్ని వెబ్‌హుక్ అంటారు. సరైన జవాబులో ఆ మాట రావాలి. అది నిజంగా గేట్‌వే నుంచే వచ్చిందో లేదో దానితో వచ్చే డిజిటల్ సంతకం సరిచూస్తామని రావాలి. అదే సందేశం రెండుసార్లు వచ్చినా ఆర్డర్ రెండుసార్లు పడకుండా చూస్తామని కూడా చెబితే ఆ మనిషిని వదులుకోకండి. ‘అలా జరగదు సార్’ అనేదే ఇక్కడ అన్నిటికంటే చెడ్డ జవాబు.

రెండు: ‘మా లేబుళ్ల మ్యాటరంతా డీటీపీ ఆయన అను ఫాంట్లలో చేశాడు. అది సైటుకి ఎలా ఎక్కుతుంది? బిల్లు పీడీఎఫ్‌లో తెలుగు పేర్లు సరిగా వస్తాయా?’ పాత అను ఫాంట్ల మ్యాటర్ యూనికోడ్ (ఫోన్లు, కంప్యూటర్లు అన్నీ ఒకేలా చదివే అక్షరాల పద్ధతి) కాదు. కాపీ చేసి అతికిస్తే పిచ్చి గీతలే వస్తాయి. కన్వర్టర్‌లో మార్చి, ఆ తర్వాత ఎవరో ఒకరు ప్రూఫ్ చూడాలి. ఇక పీడీఎఫ్ సంగతి: పీడీఎఫ్ తయారుచేసే డామ్‌పీడీఎఫ్ లాంటి రెడీమేడ్ కోడ్ లైబ్రరీలకు తెలుగు ఒత్తుల్ని అక్షరం కింద కూర్చడం రాదు. ‘గోంగూర పచ్చడి’ లాంటి పేరు విరిగిపోతుంది. క్రోమ్‌తోనే పీడీఎఫ్ తీయిస్తే ఈ బాధ ఉండదు. ఇంగ్లీషు సైట్లు యాభై చేసిన మనిషికి కూడా ఇది తగలకపోయి ఉండొచ్చు. తెలియకపోవడం పెద్ద నేరం కాదు, ‘చూసి రేపు చెబుతాను’ అని నిజంగా రేపు చెబితే మంచి మార్కులే వేయండి.

మూడోది ప్రశ్న కాదు. ‘అమెరికాకి కిలో ఆవకాయ పంపుతాం, షిప్పింగ్ చార్జీ సైటే లెక్కకట్టాలి’ అని చెప్పి ఊరుకోండి. ప్యాకింగ్ తర్వాత బరువెంత, డబ్బా కొలతలేంటి అని అతను ఎదురు అడగాలి. చాలా ఎయిర్ కొరియర్లు పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తాయి. ఆ లెక్క, అసలు బరువు - రెండింటిలో ఏది ఎక్కువైతే దానికే చార్జీ. 30×20×20 డబ్బా లెక్కలో 2.4 కిలోలు. ఈ సంగతి అడగకుండా సైటు కట్టేస్తే ప్రతి విదేశీ పార్సిల్ మీదా తేడా మీ జేబులోంచే పోతుంది.

ముగ్గురితో మాట్లాడితే ముగ్గురినీ ఇవే ప్రశ్నలు, ఇదే వరుసలో అడగండి. కాల్ పెట్టేసిన వెంటనే, రెండో మనిషితో మాట్లాడకముందే, ఒక్కో జవాబుకి ఐదుకి మార్కులు రాసుకోండి. చాదస్తంలా కనిపిస్తుంది గానీ దీని వెనక లెక్క ఉంది. 2022లో మనస్తత్వ శాస్త్రవేత్త పాల్ సాకెట్ బృందం నియామక పద్ధతుల మీద ఉన్న పాత అధ్యయనాలను తిరిగి లెక్కగట్టింది. పద్ధతి ప్రకారం చేసిన ఇంటర్వ్యూకి, తర్వాతి పనితీరుకి సంబంధం 0.42 తేలింది (0 అంటే సంబంధమే లేదు, 1 అంటే పూర్తి సంబంధం). నోటికొచ్చినట్టు సాగే ఇంటర్వ్యూకి 0.19. అనుభవం ఎన్నేళ్లన్నదానికి వచ్చింది 0.07 మాత్రమే. ఆ అధ్యయనాలు ఉద్యోగుల మీద చేసినవే, అయినా ‘పదేళ్ల ఎక్స్‌పీరియన్స్’ చూసి పని అప్పజెప్పే ముందు ఆ చివరి అంకె ఒకసారి గుర్తు చేసుకోండి.

‘ఫ్రీగా శాంపిల్ చేయించు’

చేతినిండా పని ఉన్నవాళ్లు ఫ్రీ శాంపిల్ అనగానే ఫోన్ పెట్టేస్తారు. మిగిలేది పనిలేక ఖాళీగా ఉన్నవాళ్లు. అంటే ఈ షరతు పెట్టడంతోనే మంచివాళ్లను మీరే జల్లెడ పట్టి పారబోస్తున్నారు.

శాంపిల్ పని అవసరమే, డబ్బిచ్చి చేయించండి. నాలుగు నుంచి ఆరు గంటల పని, అతని గంట రేటు ప్రకారమే. ఇద్దరికి ఒకే పని ఇవ్వండి: ఒక్క ఆవకాయ పేజీ, మూడు బరువులు, తెలుగులో పేరు, ఒక పిన్‌కోడ్‌కి షిప్పింగ్. అరపేజీలో రాసివ్వండి, మూడు రోజులు గడువు పెట్టండి. ఆ అరపేజీలో ఒక ఖాళీ కావాలనే వదలండి. ఉదాహరణకి, ధరలో జీఎస్టీ కలిసి ఉందో లేదో రాయకండి. మొదలుపెట్టే ముందు అది అడిగినవాడు ఒక రకం, తోచినట్టు ఊహించుకుని చేసేసినవాడు ఇంకో రకం. రెండో రకం మనిషి అసలు పనిలోనూ అంతే, అప్పుడు ఆ ఊహల్ని తిరగరాయించే ఖర్చు మీది.

ఏఐ టూల్స్ వచ్చాక పూర్తయిన శాంపిల్‌ని మాత్రమే చూసి ఏమీ తేల్చలేం. పేజీ అందాక పదిహేను నిమిషాల కాల్ పెట్టి, ‘పావుకిలో తీసేసి ముప్పావుకిలో పెట్టండి, నేను చూస్తూ ఉంటాను’ అనండి. ఏఐతో రాయించుకున్నా ఫర్వాలేదు. రాయించుకున్నది ఎక్కడుందో, ఎందుకు అలా ఉందో తెలిసినవాడు మీ కళ్లముందే మార్చేస్తాడు.

‘తక్కువ కొటేషన్ పట్టు’

35 వేలు, 60 వేలు, లక్షా పది వేలు అని మూడు కొటేషన్లు వచ్చాయనుకోండి. అవి మూడు ధరలని అనుకోవద్దు, చాలావరకు మూడు వేర్వేరు పనులు. నలభై రకాల ఫొటోలు, వివరాలు ఎక్కించేది ఎవరు? హోస్టింగ్ (సైటుని ఉంచే సర్వర్ అద్దె), ప్లగిన్ (సైటుకి తగిలించే అదనపు సాఫ్ట్‌వేర్) లైసెన్సుల వచ్చే ఏడాది రెన్యువల్ ఎవరి ఖాతాలో? ఎన్నిసార్లు మార్పులు? సైటు మొదలయ్యాక ఎన్ని రోజులు లోపాలు ఉచితంగా సరిచేస్తారు? వీటికి జవాబులు రాయించి, గంటలు విడివిడిగా వేయమని అడగండి. 35 వేల కొటేషన్ ఎందుకు 35 వేలో అప్పుడు తెలుస్తుంది. జీఎస్టీ సంగతి కూడా చూసుకోండి: తెలుగు రాష్ట్రాల్లో సేవలకి ఏడాదికి 20 లక్షల టర్నోవర్ దాటేదాకా రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, రిజిస్టర్ కాని మనిషి 18 శాతం వసూలు చేయకూడదు. నంబరు లేకుండా పన్ను వేశారంటే అడగాల్సిందే.

‘పనంతా అయ్యాకే డబ్బు’

ఇది మీకు రక్షణ అనిపిస్తుంది. నిజానికి డబ్బంతా చివర్లో ఉంటే సైటు, పాస్‌వర్డులు కూడా చివరిదాకా అతని దగ్గరే ఉంటాయి. ఒకరి పీక ఒకరు పట్టుకుని కూర్చోవడమే. సగం అడ్వాన్స్ ఇచ్చి ఫోన్ ఎత్తని మనిషి కోసం తిరగడం దీనికి అవతలి కొస.

విడతలుగా ఇవ్వండి: మొదట 20, మధ్యలో 30, 30, అప్పగింతకి 20 శాతం. విడతకి గురుతు మాత్రం ఎవరు చూసినా ఒకేలా తేలేది కావాలి. ‘డిజైన్ పూర్తయ్యాక’ అని రాస్తే ఎప్పటికి పూర్తయినట్టో ఇద్దరికీ తెగదు. ‘టెస్ట్ మోడ్‌లో (అసలు డబ్బు కదలకుండా) ఆర్డర్ పెడితే పేమెంట్ పడాలి, బిల్లు మెయిల్‌కి రావాలి, స్టాక్‌లో ఒకటి తగ్గాలి’ అని రాస్తే ఐదు నిమిషాల్లో తేలిపోతుంది.

డబ్బివ్వడం ఆలస్యం చేస్తే పోయేదేముందిలే అనుకోవద్దు. ఉద్యమ్‌లో (కేంద్ర ప్రభుత్వ చిన్న వ్యాపారాల రిజిస్ట్రేషన్) నమోదైన ఫ్రీలాన్సర్ 2006 నాటి ఎంఎస్‌ఎంఈడీ చట్టం, అంటే చిన్న వ్యాపారాల చట్టం కిందికి వస్తాడు. రాతపూర్వక ఒప్పందం ఉంటే మీరు డబ్బు కట్టడానికి అందులోని గడువు, అది ఎంతైనా 45 రోజులు మించకూడదు. ఒప్పందం లేకపోతే 15 రోజులే. దాటితే ఆర్‌బీఐ ప్రకటించే బ్యాంక్ రేటుకి మూడు రెట్లు, నెలవారీ చక్రవడ్డీ. ఇక టీడీఎస్ (డబ్బిచ్చేటప్పుడే మీరు కోసి ప్రభుత్వానికి కట్టే ఆదాయపు పన్ను): 2025 ఏప్రిల్ నుంచి వృత్తి సేవలకి ఏడాదికి 50 వేలు దాటితే 10 శాతం కోయాలి, పాన్ ఇవ్వకపోతే 20. అయితే సొంత పేరు మీద నడిచే వ్యాపారానికి అంతకుముందు ఏడాది టర్నోవర్ కోటి దాటకపోతే ఈ బాధ్యత లేదు. మీ పని వృత్తి సేవ కిందికి వస్తుందా, టెక్నికల్ కిందికా, కాంట్రాక్టు కిందికా అన్నది మొదటి విడత ఇచ్చే ముందే ఆడిటర్‌ని అడగండి, రేట్లు వేరు.

‘డబ్బిచ్చాక అంతా మనదే’

ఐదింటిలోకీ ఎక్కువ నష్టం చేసేది ఇదే. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం ఉద్యోగి ఉద్యోగంలో భాగంగా చేసిన పనికి యజమాని హక్కుదారు. ఫ్రీలాన్సర్ ఉద్యోగి కాదు. అతను రాసిన కోడ్‌కి, పచ్చళ్ల గురించి రాసిన మ్యాటర్‌కి మొదటి హక్కుదారు అతనే, మీరు మొత్తం డబ్బిచ్చినా సరే. డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోలకు మాత్రం మినహాయింపు ఉంది, వేరే ఒప్పందం లేకపోతే అవి మీవే.

హక్కు మీకు రావాలంటే సంతకంతో రాతపూర్వకంగా బదిలీ చేయించుకోవాలి. అందులోనూ ఎన్నాళ్లకో రాయకపోతే ఐదేళ్లే, ఎక్కడిదాకానో రాయకపోతే భారతదేశమే. అమెరికాకి పచ్చళ్లు అమ్మే సైటుకి ఇది చిన్న సంగతి కాదు. ఏ పని, ఏయే హక్కులు, ఎంత కాలం, ఏ దేశాలు - నాలుగూ రాయించుకోండి.

కాగితం ఒక ఎత్తు, తాళంచెవులు ఒక ఎత్తు. డొమైన్ (సైటు అడ్రసు పేరు), హోస్టింగ్, పేమెంట్ గేట్‌వే, కోడ్ ఉంచే గిట్‌హబ్ ఖాతా అన్నీ మీ మెయిల్‌తో, మీ ఫోన్ నంబరుతో మీరే తెరిచి, అతన్ని లోపలికి పిలవండి. ఇది ఇంటర్వ్యూలోనే తేల్చేయండి: ‘డొమైన్ ఎవరి పేరు మీద కొంటారు?’ ‘నేనే కొనేస్తాను సార్, మీకెందుకు శ్రమ’ అంటే దురుద్దేశం ఉందని కాదు, అలవాటు. కానీ ఓటీపీ అతని ఫోన్‌కి వెళ్లే డొమైన్ మీద మీరు పదేళ్ల వ్యాపారం కట్టకూడదు.

ఈ ఒప్పందంలో చాలామంది ఇరికించే ఇంకో వాక్యం: ‘పని ముగిశాక కూడా వేరే పచ్చళ్ల కంపెనీకి పని చేయకూడదు.’ 1872 కాంట్రాక్ట్ చట్టం 27వ సెక్షన్ కింద అలాంటి షరతు చెల్లదు, పైగా మంచి ఫ్రీలాన్సర్ దాన్ని చూసి వెనక్కి తగ్గుతాడు. దాని బదులు కస్టమర్ల నంబర్లు, కొనుగోలు ధరలు బయటికి పోకూడదని రాయించండి. శాంపిల్ పనికి అసలు ఆర్డర్ల ఎక్సెల్ షీట్ పంపకండి, ఉత్తుత్తి పేర్లతో పది ఆర్డర్లు మీరే తయారు చేసి ఇవ్వండి.