వెనక చక్రాలకు అలైన్‌మెంట్ దండగేనా?

పాత స్పోర్ట్స్ కార్లు ఉన్నవాళ్ల మధ్య ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. అందులో చెప్పేది ఇదీ: వెనక చక్రాలు ఎటూ తిరగవు కాబట్టి వాటికి అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు సరిచేయడం) దండగ. టైరు లోపలి అంచు అరుగుతుంటే క్యాంబర్ (ముందు నుంచి చూస్తే చక్రం నిలువుకి ఎంత వాలిందో ఆ కోణం) తగ్గిస్తే సరి. టో (పైనుంచి చూస్తే చక్రం ముందు కొస ఎంత పక్కకి తిరిగిందో ఆ కోణం; లోపలికైతే టో-ఇన్, బయటికైతే టో-ఔట్) సున్నా పెడితే కారు తేలిగ్గా పరుగెడుతుంది. కారు ఎత్తు దించితే మిగతావి వాటంతటవే సర్దుకుంటాయి. అలైన్‌మెంట్ మిషన్ తెర మీద అంకెలు పచ్చగా కనిపిస్తే ఇక చూడక్కర్లేదు. ఈ ఐదింటిలో కాస్తో కూస్తో నిజమున్నది మొదటి మాటలోనే.

వెనక అలైన్‌మెంట్ దండగంటే, ఎంజీబీ లాంటి కారు విషయంలో ఒప్పుకుంటాను. గట్టి ఇరుసు, రెండు కమాన్ కట్టలు, అంతే. సర్దడానికి బోల్టంటూ లేదు. డాట్సన్ 240జెడ్‌కి వెనక చక్రాలు దేనికది విడిగా ఆడతాయి గానీ, కంపెనీ సర్దుబాటు ఇవ్వలేదు. అదే మాట జాగ్వార్ ఈ-టైప్‌కీ, పాత పోర్షే 911కీ అంటగడితే మాత్రం కుదరదు. ఈ-టైప్‌లో చక్రాన్ని తిప్పే హాఫ్ షాఫ్టే సస్పెన్షన్ పై లింకు కూడా. దాని లోపలి కొసకీ బ్రేకు డిస్కుకీ మధ్య వేసే షిమ్ముల (పల్చటి రేకు బిళ్లల) మందాన్ని బట్టి క్యాంబర్ మారుతుంది. 1963 నుంచి 1982 దాకా వచ్చిన కార్వెట్‌లో క్యాంబర్‌కి ఎక్సెంట్రిక్ బోల్టు (తిప్పితే భాగాన్ని పక్కకి జరిపేది), టోకి ట్రెయిలింగ్ ఆర్మ్ (చక్రాన్ని మోస్తూ కిందికీ పైకీ ఊగే చెయ్యి) ముందు కొసన షిమ్ములు. 911లోనైతే రెండింటికీ ఎక్సెంట్రిక్ బోల్టులే. పనిలేకపోతే తయారుచేసినవాళ్లు ఇవన్నీ ఎందుకు పెడతారు?

పచ్చ అంకెల సంగతీ ఇక్కడే తేల్చేద్దాం. కుడి వెనక చక్రం 20 నిమిషాలు టో-ఇన్‌లో ఉంది, ఎడమది సున్నాలో ఉంది అనుకోండి. (డిగ్రీలో 60వ వంతు ఒక నిమిషం.) విడివిడిగా రెండూ హద్దులోనే ఉండొచ్చు, తెర మీద రెండూ పచ్చగానే వెలగొచ్చు. కానీ వెనక చక్రాలు రెండూ కలిసి కారుని నెట్టే దిక్కు నడి గీతకి 10 నిమిషాలు ఎడమకి తిరిగి ఉంది. రోడ్డు తిన్నగా ఉన్నా స్టీరింగ్ కాస్త ఎడమకి పట్టుకునే నడపాలి. అప్పుడు నడి గీతని బట్టి ముందు చక్రాలు ఎన్నిసార్లు సరిచేయించినా డబ్బు పోతుందే తప్ప స్టీరింగ్ తిన్నగా నిలబడదు.

టైరు అరుగుదల గురించి చెప్పిందైతే తలకిందుల సలహా. నెగెటివ్ క్యాంబర్, అంటే చక్రం పైభాగం లోపలికి వాలడం, బరువుని లోపలి అంచు మీదికి తోస్తుంది, నిజమే. కానీ రబ్బరుని గీకేది టో. లెక్క వేసి చూడండి: చక్రం 10 నిమిషాలు పక్కకి తిరిగి ఉంటే, కిలోమీటరు నడిచేసరికి టైరు దాదాపు 3 మీటర్లు అడ్డంగా ఈడ్చుకుపోయినట్టు. క్యాంబర్ ఆ రాపిడిని ఏ అంచు భరించాలో చెబుతుంది, అంతే. తేల్చుకోడానికి మిషన్ కూడా అక్కర్లేదు. అరచేతిని టైరు మీద అడ్డంగా, బయటి నుంచి లోపలికి ఒకసారి, లోపలి నుంచి బయటికి ఒకసారి నిమరండి. ఒకవైపు నున్నగా జారి, రెండోవైపు రంపపు పళ్లలా తగిలితే దోషం టోదే. లోపలికి నున్నగా, బయటికి గరుగ్గా ఉంటే టో-ఇన్ ఎక్కువైంది. తిరగబడితే టో-ఔట్. చెయ్యి పెట్టి చూడకుండా క్యాంబర్ బోల్టు విప్పకండి.

టో సున్నా అన్న మాటకి నాకు నిజంగా కోపం వస్తుంది. కారు నిలబడి ఉన్నప్పుడు సున్నా ఉంటే, పరుగులో కూడా సున్నాయే ఉంటుందా? చక్రాన్ని మోసే ఆర్మ్‌ని పట్టుకున్నవి రబ్బరు బుష్‌లు. మలుపు మధ్యలో యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే చక్రం వెనక్కి లాగబడుతుంది, బుష్ నలుగుతుంది, చక్రం టో-ఔట్‌లోకి వెళ్తుంది. 911లో ఇంజన్ వెనకే ఉంది, బరువులో 60 శాతం దాకా వెనక చక్రాల మీదే. తోక తిరగడానికి ఇంతకంటే ఇంకేం కావాలి? కొంచెం టో-ఇన్ ముందే పెట్టి ఉంచేది ఆ క్షణం కోసమే. ఎంత పెట్టాలో ఆ ఏడాది మోడల్ వర్క్‌షాప్ పుస్తకంలో ఉంటుంది. బుష్‌లు పగిలిపోయి ఉంటే మాత్రం ఆ అంకెకి విలువ లేదు, ముందు అవి మార్చాలి.

ఇక ఎత్తు. పాత 911 వెనక టోర్షన్ బార్‌కి (మెలి తిరుగుతూ స్ప్రింగులా పనిచేసే కడ్డీకి) లోపలి కొసన 40 పళ్లు, బయటి కొసన 44. లోపల ఒక పన్ను జరిపితే 9 డిగ్రీలు, బయట ఒకటి జరిపితే 8.18. ఒకటి ముందుకీ ఒకటి వెనక్కీ జరిపితే తేడా 0.82 డిగ్రీలు, అంటే సుమారు 49 నిమిషాలు. ఈ చిన్న తేడాతోనే ఎత్తుని సన్నగా సర్దుతారు. ఎవరికి తట్టిందో గానీ ముచ్చటైన ఏర్పాటు. అయితే ఈ ఆర్మ్ కారుకి ఏటవాలుగా ఊగుతుంది. ఎత్తు మారిన ప్రతిసారీ క్యాంబరూ టో రెండూ కదులుతాయి, కారు దించితే క్యాంబర్ ఇంకా నెగెటివ్‌లోకి పోతుంది. వాటంతటవి మారతాయి, సర్దుకోవు. అందుకే ముందు ఎత్తు, తర్వాత క్యాంబర్, ఆఖర్న టో. వరస తప్పితే మళ్లీ మొదటికే.

టోని నేను కారుకి రెండు పక్కలా దారం కట్టి కొలుస్తాను. రిమ్ము మీద కొలిచే అడ్డం 400 మిల్లీమీటర్లైతే, ముందు అంచుకీ వెనక అంచుకీ ఒక్క మిల్లీమీటరు తేడా సుమారు 8.6 నిమిషాలు. అందుకని అర మిల్లీమీటరు కూడా వదలను. దారాలు రెండూ కారు నడి గీతకి సమాన దూరంలో ఉండాలి, టైర్లకి ఆనించి కడితే ముందూ వెనకా ట్రాక్ (ఎడమ, కుడి చక్రాల మధ్య దూరం) తేడా కొలతలోకి దూరుతుంది. జాకీ దించగానే కొలవకూడదు, కారుని నాలుగడుగులు ముందుకీ వెనక్కీ నెట్టి కుదురుకోనివ్వాలి. మొదటిసారి చేసినప్పుడు అన్నీ సరిగ్గా పెట్టి, నట్లు బిగించి, మళ్లీ కొలవకుండా వదిలేశాను. బిగించేటప్పుడే టోర్షన్ బార్‌ని ఆర్మ్‌కి కలిపే స్ప్రింగ్ ప్లేటు జరిగి టో పోయింది. ఇప్పుడు బిగించాక ఇంకోసారి దారం కడతాను.