ప్లీజ్ కోరిలేట్ క్లినికల్లీ

మా పర్లాకిమిడిలో తెలుగువాళ్లకీ, ఒడియావాళ్లకీ, కొండ మీది సవరలకీ సమానంగా వచ్చిన ఇంగ్లిషు వాక్యం ఒకటే ఒకటి. ఎవరింట్లో అటక మీంచి స్కాన్ కవరు దించినా చివరి వరసలో అదే ఉంటుంది: ‘ప్లీజ్ కోరిలేట్ క్లినికల్లీ’. పూర్వం ఉత్తరాల కింద ‘ఇట్లు తమ విధేయుడు’ అని రాసేవారే, అది పోయి ఇది వచ్చింది. నేను స్వయంగా చేసిన పరిశోధనలో (6 ఇళ్లు, 14 కవర్లు, ప్రభుత్వ నిధులు లేవు, టీ మాత్రం ఇచ్చారు) ఆ ముక్క లేని రిపోర్టు ఒక్కటీ దొరకలేదు.

దాని అర్థం చెడ్డదేమీ కాదు. ‘నేను చూసింది బొమ్మని. మీరు మనిషిని చూసి, రెండూ కలుస్తున్నాయో లేదో తేల్చుకోండి’ అని రేడియాలజిస్టు డాక్టరుగారికి చేసుకునే మనవి. ఎక్స్‌రేలు కనిపెట్టిన రాంట్‌జెన్ 1895 డిసెంబరులో తన భార్య చేతికి ఎక్స్‌రే తీసినప్పుడు ఈ మనవి అవసరం పడలేదు. ఆవిడ పక్కనే ఉంది, వేలికి ఉంగరమూ ఉంది. మా దగ్గర బొమ్మ తీసినాయన డాక్టరుకు అప్పగిస్తాడు, డాక్టరు ఇంకో బొమ్మకు రాస్తాడు. మనిషి మాత్రం బయట బెంచీ మీద ఉంటుంది.

ఆ బెంచీ మీది మనిషి మా పిన్ని.

పిన్నికి నోట్లో మంట. పులుసు తగిలితే కళ్లమ్మట నీళ్లు. ఒక క్లినిక్‌కి తీసుకెళ్లాను, పేరెందుకులెండి. డాక్టరుగారు తల ఎత్తకుండానే మెడకు సీటీ రాశారు. గడ్డలేమీ కనబడలేదనీ, పళ్లకున్న క్యాపుల మెరుపు అడ్డొచ్చిందనీ, ప్లీజ్ కోరిలేట్ క్లినికల్లీ అనీ రిపోర్టు వచ్చింది. డాక్టరుగారు కోరిలేట్ చేశారు. అంటే ఎమ్మారై రాశారు, విశాఖలో.

గుణుపురం నుంచి విశాఖ పోయే ప్యాసింజరు ఎక్కాం. ఆ సీటీ కవరు సంచిలో పట్టదు, ఒళ్లో పెట్టుకుంటే చేపల బుట్ట తగులుతుంది. పిన్ని ఫిల్ము బయటికి తీసి కిటికీకి ఆనించింది. అంతే, పెట్టెలో మెడికల్ బోర్డు కూచుంది. ఎదుటి సీటులో రిటైరైన మాస్టారు కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, ‘ఈ తెల్లగా ఉన్నదే, నరం’ అని తేల్చారు. వెన్నుపూసండీ అది, అన్నాడు పక్కాయన. ఇద్దరికీ మాటలు పెరిగాయి. నౌపడాలో ఎక్కిన కుర్రాడు ఫిల్ము లాక్కుని తలకిందులు చేసి, ‘ఇప్పుడు సూడండి’ అన్నాడు. నిజంగానే అందరికీ బాగా కనబడిందట. పైబెర్తు మీంచి ఒక ఒడియా బాబు వంగి చూసి, ‘కిడ్నీ ఠిక్ అఛి’ అని పిన్నికి ధైర్యం చెప్పాడు. మెడ స్కాన్‌లో కిడ్నీ చూడగలగడం అందరికీ వచ్చే విద్య కాదు.

అప్పుడొచ్చింది ఉడికించిన వేరుశనగకాయలు అమ్మే ఆవిడ. బుట్ట దించి, ‘బొమ్మని సూత్తారేటి బాబూ, మనిసిని ఒగ్గీసి! అప్పా, నోరు తెరు’ అంది. ఫోన్ టార్చి వేసి అంగిలి చూసింది. ‘అడ్డపొగ తాగుతావు గదా? మా అత్తకీ ఇలాగే తెల్లగా వచ్చింది. బొమ్మలు కాదు, అక్కడి ముక్క తీయించి పరీక్ష చేయించు.’

పది సెకన్లు పట్టింది. ఫీజు, ఒక పొట్లం కాయలు.

మా పిన్ని నలభై ఏళ్లుగా చుట్ట నిప్పున్న కొస లోపల పెట్టుకుని తాగుతోంది, అదే అడ్డపొగ. ఈ చుట్టుపక్కల ఆడవాళ్లలో ఇది వింత కాదు. ఆ సెగ నేరుగా అంగిలికి తగులుతుంది. ఇది ఎవరికీ తెలియని రహస్యమా? డెన్మార్క్ నుంచి పిండ్‌బోర్గ్, బొంబాయి నుంచి మెహతా, వాళ్ల బృందం పక్కనున్న శ్రీకాకుళం జిల్లాకు వచ్చి 10,169 మందిని చూసి, అడ్డపొగ వల్ల అంగిలి ఏమవుతుందో 1971లోనే బ్రిటిష్ క్యాన్సర్ పత్రికలో అచ్చేశారు. మా ఆడవాళ్ల అంగిళ్లు లండన్ లైబ్రరీల్లో ఉన్నాయి. మా ఊరి డాక్టరుకు మాత్రం, బల్లకి అవతల మూడడుగుల దూరంలో కూచున్న నోరు తెరిపించడానికి తీరిక లేదు. అంగిలి మీది పల్చటి మచ్చ సీటీలో దొరక్కపోవచ్చని ఆయనకు తెలియదా? తెలుసు. చుట్ట తాగుతావా అని అడగడానికి ఏ కరెంటూ అక్కర్లేదు, ఏ టెక్నీషియనూ రానక్కర్లేదు. అడగలేదు! పిన్ని గాజులు తాకట్టు పెట్టి స్కాన్ తీయించింది. సిగ్గుండాలి కదండీ.

పక్కింటి కుర్రాడి దగ్గుదీ ఇదే వరస. ఛాతీ ఎక్స్‌రే మూడుసార్లు తీశారు, మూడుసార్లూ ‘కోచ్స్?’ (టీబీయా అని) ప్రశ్నార్థకం. కోచ్ 1882లోనే టీబీ క్రిమిని చూపించి చేతులు దులుపుకున్నాడు, ప్రశ్నార్థకం మా వాళ్లకు మిగిలింది. కఫం పరీక్ష ప్రభుత్వాసుపత్రిలో ఉచితం. ఉచితం కాబట్టే కాబోలు, ఎవరికీ గుర్తు రాలేదు.

ఎమ్మారై మానేసి విశాఖలో ముక్క తీయించాం. క్యాన్సర్ దాకా పోలేదట, ఆ దారిలోనే ఉందట, చుట్ట ఆపాలట. పిన్ని ఆ రాత్రికి ఆపింది, తెల్లారి నా మీద కోపంగా ఉంది. రిపోర్టు నిన్న చేతికొచ్చింది. అలవాటు కొద్దీ ముందు అడుగు వరస చదివాను. ‘ప్లీజ్ కోరిలేట్ క్లినికల్లీ అండ్ రేడియాలజికల్లీ.’