లూసీ గారి బ్యాగు

మొన్న రాత్రి తొమ్మిదిన్నరకి, నేను పెరుగన్నంలోకి ఆవకాయ బద్ద వెతుక్కుంటుంటే, మా టీచర్ల వాట్సాప్ గ్రూపులో ఉత్తర్వు దిగింది. ఉత్తర్వులన్నీ ఎందుకో ఆ వేళకే దిగుతాయి. రేపు హైస్కూలు పిల్లలందరికీ ఇంగ్లీషు లిజనింగ్ ప్రాక్టీసు చేయించవలెను. ఆడియో ఫైలు, స్క్రిప్టు జతచేయడమైనది. ప్రతి విద్యార్థికీ హెడ్‌ఫోను ఉండేలా చూడవలెను. లొకేషన్ కనబడేలా ఫోటోలు తీసి మధ్యాహ్నం మూడు లోపు అప్‌లోడ్ చేయవలెను. దాని కింద వరసగా అందరూ "నోటెడ్ సార్" అని పెట్టారు. నేనూ పెట్టాను. హెడ్‌ఫోన్లు ఎవరిస్తారని ఒక్కళ్ళూ అడగలేదు. నేనూ అడగలేదు. ఈ ఉద్యోగంలో అడిగినవాడికే ఆ పని అప్పజెబుతారు.

మాది కోనసీమలో ఒక జిల్లా పరిషత్ హైస్కూలు. నేను అక్కడ ఇంగ్లీషు మాస్టారిని. పొద్దున్నే వెళ్ళి ఆడియో ఫైలు ప్యానెల్ బోర్డులో పెట్టగానే కరెంటు పోయింది. ఫోనులో పెడదామంటే వర్షం. తొమ్మిదో తరగతి ఏ, బీ సెక్షన్లు రెండూ కలిపి రేకుల షెడ్డులో నా మీద పడ్డాయి, బీ సెక్షన్ చూసే మేడం ట్రైనింగుకి వెళ్ళారు కాబట్టి. ఏం ట్రైనింగంటే, లిజనింగ్ స్కిల్స్ మీద.

రేకుల మీద వాన పడుతుంటే లోపల మన మాట మనకే వినబడదు. ఎనభైమంది పిల్లలు నా మూతి కదలడం చూస్తున్నారంతే. అప్పుడు మా సౌండుగాడు లేచాడు. వాడి అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా వాడరు. వాళ్ళ మావయ్యకి సప్లై షాపుంది. పెళ్ళిళ్ళకీ, తీర్థాలకీ మైకు సెట్టు వాళ్ళదే. పంద్రాగస్టుకి మా బళ్ళో కట్టిన సెట్టు కూడా వాళ్ళదే, ఇంకా విప్పలేదు. "సార్, ఆంప్లిఫయరు బ్యాటరీ మీద కూడా ఆడుద్దండి. వైరు లాగేత్తానండి" అన్నాడు. లాగేశాడు.

ఇక ఉత్తర్వులో రెండో పేరా ఉంది. ఆడియో పనిచేయని పక్షంలో ఉపాధ్యాయుడే స్క్రిప్టు చదివి వినిపించవలెను, రెండు పర్యాయములు, స్త్రీ పురుష స్వర భేదము పాటించుచూ.

ఇక్కడ కాస్త ఆగి నా బాధ చెప్పుకోవాలి. పదో తరగతి పబ్లిక్ పరీక్షలో ఇంగ్లీషు నూరు మార్కులు. అందులో చదివి అర్థం చేసుకునే భాగానికి 30. పైగా ప్రశ్నపత్రం చదువుకోడానికని విడిగా 15 నిమిషాలు. వినడానికి? గుండు సున్నా. సున్నా మార్కుల విద్యకి ఇన్ని ఉత్తర్వులు ఏమిటో నాకు అంతుపట్టదు. 2023లో మన ప్రభుత్వ బడుల్లోకి టోఫెల్ అనే అమెరికా వాళ్ళ ఇంగ్లీషు పరీక్ష వచ్చింది గుర్తుందా? హైస్కూలు పిల్లలకి పెట్టే జూనియర్ పరీక్షలో వినడానికి 42, వ్యాకరణానికి 42, చదవడానికి 42, మొత్తం 126 ప్రశ్నలు. ప్రాక్టీసు ఆడియోలో అమెరికా హెడ్మాస్టరు ఒకాయన కెఫెటీరియా గురించీ, లాకర్ల గురించీ అనౌన్స్‌మెంటు చేస్తుంటే, మా పిల్లలు లాకరంటే బ్యాంకులో ఉండేదేగా సార్, బళ్ళో పిల్లలకి బంగారం ఎక్కడిదండీ అని అడిగారు. న్యాయమైన ప్రశ్న. 2024లో ప్రభుత్వం మారింది, టోఫెల్ వెళ్ళిపోయింది. వినిపించే జబ్బు మాత్రం పైవాళ్ళని వదల్లేదు.

సరే, స్క్రిప్టు. లూసీ అని ఒక అమ్మాయి, డేవిడ్ అని ఒక అబ్బాయి. లూసీ బ్యాగు పోయింది. అంతే కథ.

డేవిడ్‌తో నాకు పేచీ లేదు. ఆ గొంతు నాకుంది. లూసీతోనే వచ్చింది చిక్కు. ఆడగొంతు ఎలా పెట్టాలి? స్థానం నరసింహారావు గారు సత్యభామ వేషం కట్టి రంగస్థలం మీదకొస్తే ఆడవాళ్ళే ఆయన నడక చూసి నేర్చుకున్నారని మా తాతగారు చెప్పేవారు. ఆయన పుట్టిన నేల మీదే నేనూ పుట్టాను గదా అని ధైర్యం చేసి ఒక గొంతు పెట్టాను. అది సత్యభామకీ చెందలేదు, లూసీకీ చెందలేదు. జలుబు చేసిన మేకపిల్ల ఎవరినో పిలుస్తున్నట్టు వచ్చింది. ముందు బెంచీ ఆడపిల్లలు తలలు బల్ల కిందకి దించేశారు. వాళ్ళ భుజాలు కదలడం చూసి ఏడుస్తున్నారేమో అనుకోవాలని నేను గట్టిగా ప్రయత్నించాను.

గొంతు ఒక్కటే చాలదు, ఎవరు మాట్లాడుతున్నారో తెలియాలి గదా. అందుకని లూసీ తలుపు దగ్గరా, డేవిడ్ బల్ల దగ్గరా నిలబడేట్టు ఏర్పాటు చేశాను. అంటే నేనే అక్కడా, నేనే ఇక్కడా. తలుపు దగ్గర నిలబడి, చెయ్యి గుండెల మీద పెట్టుకుని, "డేవిడ్! హెల్ప్ మీ! మై బ్యాగ్! ఐ లాస్ట్ మై బ్యాగ్!" అంటాను. పరిగెత్తుకుంటూ బల్ల దగ్గరికొచ్చి, గొంతు సవరించుకుని, "ఓ, లూసీ! వేర్?" అంటాను. మళ్ళీ తలుపు దగ్గరికి. "ఆన్ ద బస్!" మళ్ళీ బల్ల. "వాట్ వజ్ ఇన్ ద బ్యాగ్?" మళ్ళీ తలుపు. "టూ బుక్స్, మై లంచ్ బాక్స్, అండ్ ఫిఫ్టీన్ డాలర్స్!" మళ్ళీ బల్ల. "షల్ వీ కాల్ ద డ్రైవర్?" సౌండుగాడు నా వెనకాల వైరు చుట్ట పట్టుకుని, నేను ఎటు పరిగెడితే అటు వదులుతూ, లాగుతూ, పందెం కోడిని ఆడించే మనిషంత శ్రద్ధగా తిరుగుతున్నాడు. ఒకసారి వైరు తక్కువై లూసీ తలుపు దాకా వెళ్ళలేకపోయింది. గది మధ్యలోనే నిలబడి "యెస్, ప్లీజ్" అంది.

మొదటి పర్యాయం అయింది. పిల్లలకి నాలుగు ప్రశ్నల కాగితాలు పంచాను. రెండో పర్యాయం మొదలుపెట్టేసరికి వర్షం టక్కున ఆగింది. ఊరంతా నిశ్శబ్దం. పాఠం రక్తి కట్టిందని ఇంకాస్త భావం కలిపాను. "హెల్ప్ మీ" దగ్గర చిన్న ఏడుపు కూడా పెట్టాను, స్క్రిప్టులో లేకపోయినా.

ఆ ఆంప్లిఫయరుకి రెండు మీటలు. ఒకటి లోపలి పెట్టె స్పీకరుకి. రెండోది రెండు హారన్లకి. పంద్రాగస్టుకి కట్టిన హారన్లు ఒకటి బడి గేటు పక్క కొబ్బరిచెట్టుకి రేవు వైపూ, ఇంకోటి ఎదర కొబ్బరిచెట్టుకి సెంటరు వైపూ తిరిగి ఉన్నాయి. సౌండుగాడు రెండు మీటలూ వేశాడు. ఎందుకు వేశావురా అంటే, "ఒకటేత్తే పక్కది బావుండదండి" అన్నాడు. ఈ సమాధానం మీద నేను రాత్రంతా ఆలోచించాను.

మా ఊరు ఇంగ్లీషు ఎంత బాగా వింటుందో నాకు అప్పుడు తెలిసింది. హెల్ప్ విన్నారు. బ్యాగ్ విన్నారు. బస్సు విన్నారు. డ్రైవర్ విన్నారు. ట్రైనింగుల్లో మాకు నూరిపోసేది ఇదే: ప్రతి మాటా అర్థం కానక్కర్లేదు, ముఖ్యమైన మాటలు పట్టుకుంటే సందర్భాన్ని బట్టి కథ అల్లుకోవచ్చు. ఊరు అల్లేసుకుంది. ఇంగ్లీషు మాస్టారి బ్యాగు బస్సులో పోయింది, పాపం మనిషి మైకులో ఏడుస్తున్నాడు.

ముందు పాక హోటలాయన వచ్చాడు, భుజాన తువ్వాలుతో సహా. వెనకాల రిటైరైన పోస్టుమాస్టారు గొడుగేసుకుని. ఆ వెనకాల రేవులో బట్టలు ఉతుక్కుంటున్నవాళ్ళూ, కొబ్బరికాయల దింపు కూలీలూ, ఇద్దరు ఆటోవాళ్ళూ. షెడ్డు తలుపు నిండిపోయింది. నేను అప్పటికి లూసీ స్థానంలో, చెయ్యి గుండెల మీద పెట్టుకుని ఉన్నాను.

"ఊరుకోండి మాస్టారూ, ఊరుకోండి. బ్యాగే గదండీ" అన్నాడు హోటలాయన. "ఆయ్, ఇంతకీ అందులో డబ్బెంతండీ? పదిహేనన్నట్టు వినబడింది."

"యాభై" అన్నారు పోస్టుమాస్టారు. "ఫిఫ్టీ అన్నాడయ్యా. నేను ముప్పై ఏళ్ళు మనియార్డర్లు చూసినవాణ్ణి."

"కాదండి బాబూ, ఫిఫ్టీను. చివర్న ముక్కుతో లాగాడు."

"ముక్కుతో లాగింది ఏడుపు."

పిల్లల చేతుల్లో ఉన్న కాగితంలో మూడో ప్రశ్న సరిగ్గా అదే. బ్యాగులో డబ్బెంత? ఏ ఐదు, బీ పదిహేను, సీ యాభై, డీ యాభై ఐదు. మాస్టర్లందరికీ తెలిసిన కిటుకు అది, ఫిఫ్టీన్‌లో ఒత్తు వెనక్కి పడుతుంది, ఫిఫ్టీలో ముందుకి. ఏ కాలేజీలోనూ ఇంగ్లీషు పాఠం వినని మనిషి ఆ ఒత్తు పట్టుకుని తలుపు దగ్గర నిలబడి పోస్టుమాస్టారితో తగువాడుతున్నాడు. మా పిల్లల కాగితాలు తర్వాత దిద్దాను. నాలుగు ప్రశ్నలకీ వరసగా సీ పెట్టారు. ఏమీ తెలియకపోతే సీ పెట్టమని వాళ్ళకి ఎవరు నేర్పారో నాకు తెలుసుగానీ, అదిప్పుడు అప్రస్తుతం.

ఇదంతా పాఠమండీ, బ్యాగు నాది కాదు, లూసీది అని చెప్పబోయాను. చేతిలో మైకు ఉందని మర్చిపోయాను. రెండు హారన్లలోంచీ "బ్యాగు లూసీది" అని ఊరందరికీ మళ్ళీ ప్రకటన వెళ్ళింది.

సరిగ్గా అప్పుడే, పై నుంచి పరిశీలనకి రావలసినాయన కారు గేట్లోకి వచ్చింది. ఆయన దిగి, జనాన్ని చూసి, "తల్లిదండ్రుల భాగస్వామ్యం బాగుందే" అని డైరీలో రాసుకున్నారు. నేను ఖండించలేదు. పిల్లలకి ఏం వినిపించారు, వాళ్ళకి ఏం అర్థమైంది, ఒక్క ముక్క అడగలేదు. "హెడ్‌ఫోన్లేవీ?" అన్నారు. లేవండీ అన్నాను. "ఫోటోలో హెడ్‌ఫోన్లు కనబడాలి మాస్టారూ. పైనుంచి అడుగుతారు" అన్నారు. పైనున్న ఆయనకి కూడా ఇంకో పైన ఉందని అప్పుడే తెలిసింది. కాసేపు ఆలోచించి, ఆయనే ఉపాయం చెప్పారు. పిల్లలందరినీ చెవుల మీద అరచేతులు గట్టిగా పెట్టుకోమన్నారు. దూరం నుంచి తీస్తే హెడ్‌ఫోన్లలాగే ఉంటాయట. ఎనభైమందీ రెండు చెవులూ మూసుకుని కూర్చున్నారు. మధ్యలో సౌండుగాడు ఒక్కడే, చేతిలో వైరు చుట్ట ఉంది కాబట్టి, ఒక చెవి మూసుకున్నాడు. ఆ ఫోటో లిజనింగ్ ప్రాక్టీసు అనే శీర్షిక కింద అప్‌లోడ్ అయింది. కాలేదు, అవుతోంది. మా బళ్ళో సిగ్నలు నీళ్ళ ట్యాంకు మెట్ల మీదే వస్తుంది. నేను మళ్ళీ మొదలైన వర్షంలో ఏడో మెట్టు మీద నిలబడి ఉండగా చక్రం తిరుగుతూనే ఉంది.

సాయంత్రం ఇంటికెళితే మా ఆవిడ తలుపు తీసి పక్కకి తప్పుకోలేదు. "యాభై వేలు ఎక్కడివి?" అంది. పోస్టుమాస్టారి లెక్క సెంటరు దాటేసరికి వేలలోకి వెళ్ళిందన్నమాట. "డీఏ బకాయిలు పడ్డాయా? నాతో చెప్పకుండా బ్యాగులో పెట్టుకుని బస్సుల్లో తిరుగుతున్నారా?" డాలర్లే అని చెబితే ఇంకా పెద్దదవుతుందని ఊరుకున్నాను. డీఏ బకాయిలు పడ్డాయని ఒక్క సాయంత్రమైనా ఎవరో ఒకరు నమ్మారు గదా, అదో తృప్తి.

రాత్రి మళ్ళీ గ్రూపులో మెసేజి. ఫోటోలో లొకేషన్ కనబడటం లేదు, రేపు మళ్ళీ తీసి పంపవలెను. నోటెడ్ సార్.

అది పెట్టి పడుకుందామనుకుంటుండగా తెలియని నంబరు నుంచి ఫోను. బస్సు డిపో నుంచి. మా ఆటోవాడు పొద్దున్నే వాళ్ళకి చెప్పేశాడట.

"బ్యాగు దొరికిందండీ. నీలం అన్నారంట, ఇదైతే ఆకుపచ్చండి. పుస్తకాల్లేవు. ఎండు మెత్తళ్ళున్నాయి, కేజీ పైనే ఉంటాయి. వాసన మా వల్ల కావట్లేదు, పొద్దున్నే వచ్చి తీసుకెళ్ళండి."

"అది నాది కాదండీ."

"మీది కాదని తెలుసండీ, మైకులో విన్నారంట మావాళ్ళు. లూసీ గారి ఆధారు జిరాక్సు ఒకటి పట్టుకురండి చాలు."