కొండవలసకు వైజాగ్‌లో తెర ఎందుకు లేదు?

కొండవలస లక్ష్మణరావు పేరు చెప్పగానే ఎవరికైనా గుర్తొచ్చేది ‘ఐతే ఓకే’. 2002లో వంశీ తీసిన ‘అవును వాళ్లిద్దరూ ఇష్టపడ్డారు’ సినిమాలోని ఆ ఒక్క మాట ఆయన్ని ఇంటింటికీ తీసుకెళ్లింది. అప్పటికే ఆయనకు యాభై దాటాయి. శ్రీకాకుళం జిల్లాలో పుట్టి, విశాఖపట్నం పోర్టు ట్రస్టులో ఉద్యోగం చేస్తూ, ఏళ్ల తరబడి నాటకాలాడిన మనిషి. 2015 నవంబరులో పోయేదాకా వరసగా సినిమాలు చేశారు. పోయిన మర్నాడు పత్రికలన్నీ ‘హాస్యనటుడు’ అనే రాశాయి. రంగస్థలం మీద ఆయన బతికిన బతుకంతా వార్త చివర ఒకటి రెండు వాక్యాల్లో సర్దుకుపోయింది.

ఆయన్ని నటుణ్ని చేసింది సినిమా కాదు. సినిమా ఆయన్ని కనిపెట్టేసరికే ఆయన పూర్తిగా తయారైన నటుడు. అలాంటప్పుడు ఆ తయారైన నటుడికి, ఆయన బతికిన ఊళ్లో, ఆయన మాట్లాడే యాసలో, నలుగురికీ కనిపించే ఒక తెర ఇన్నేళ్లూ ఎందుకు దొరకలేదు? ఇది ఒక్క కొండవలస సంగతి కాదు. ఉత్తరాంధ్ర నుంచి వచ్చిన ప్రతి హాస్యనటుడి దారీ ఇదే. ఇక్కడ పేరు తెచ్చుకోవడానికి వీల్లేదు. హైదరాబాద్ వెళ్లాలి, వెళ్లాక ఒక్క ముక్కగా కుదించుకుపోవాలి.

పోల్చి చూడ్డానికి నేను చాలా దూరం వెళుతున్నాను. జర్మనీలో బవేరియా రాష్ట్రంలో గేర్‌హార్డ్ పోల్ట్ అనే కళాకారుడున్నాడు. 1942లో మ్యూనిక్‌లో పుట్టాడు. చిన్నతనం ఆల్ట్‌యోటింగ్ అనే పుణ్యక్షేత్రంలో గడిచింది. స్వీడన్‌లో చదువుకున్నాడు, ఆ దేశపు భాష నేర్చుకున్నాడు. ముప్పై దాటాక, 1970ల నడుమ, వేదిక ఎక్కాడు. ఆయన చేసేది కాబరే. అంటే మన పాత సినిమాల్లో చూసిన క్లబ్బు డాన్సు కాదు. చిన్న హాలు, ఒక కుర్చీ, ఒకరో ఇద్దరో మనుషులు, గంటన్నర రెండు గంటల వ్యంగ్యం. టికెట్టు కొని వచ్చి కూర్చుంటారు. పోల్ట్ మాట్లాడేదంతా బవేరియా యాసే. ఉత్తర జర్మనీ వాళ్లకు సగం అర్థం కాదంటారు. అయినా ఆయన ఆ యాసను ఎప్పుడూ సాపు చేయలేదు, ఆ ప్రాంతం విడిచి వెళ్లిపోనూ లేదు.

1979లో బవేరియా ప్రాంతీయ టీవీ ఆయనకు ఒక స్కెచ్‌ల సిరీస్ ఇచ్చింది. సహనటి గీజెలా ష్నేబెర్గర్, దర్శకుడు హాన్స్ క్రిస్టియాన్ ముల్లర్. తొమ్మిదేళ్లలో చేసినవి పన్నెండు ఎపిసోడ్లే. మన ఛానెళ్లలో పన్నెండు ఎపిసోడ్లంటే మూడు నెలల పని. అక్కడ వాటికి తొమ్మిదేళ్లు ఇచ్చారు, అందుకే అవి నేటికీ జనం నోళ్లలో ఉన్నాయి.

వాటిలో ‘మాయ్ లింగ్’ అనే స్కెచ్ గురించి కాస్త వివరంగా చెప్పాలి. ఒక మధ్యతరగతి పెద్దమనిషి తన డ్రాయింగ్ రూములో కూర్చుని కెమెరాతో మాట్లాడుతుంటాడు. పక్కనే ఒక ఆసియా అమ్మాయి. ఆమెను ఆయన కేటలాగ్ చూసి తెప్పించుకున్నాడు. ఎంత పడిందో చెబుతాడు, ఎంత శుభ్రంగా ఉంటుందో చెబుతాడు, కొత్త ఫ్రిజ్ గురించి చెప్పినట్టు తృప్తిగా చెబుతాడు. గొంతు పెంచడు, బూతు మాట ఒక్కటీ అనడు. ఆమె నోరు విప్పదు. చూసేవాడికి మొదట నవ్వొస్తుంది, ఆ నవ్వు కాసేపటికి గొంతులో ఇరుక్కుంటుంది. ఎందుకంటే ఆ పెద్దమనిషి మాట్లాడేది చూసేవాడి సొంత యాస. ఆ సోఫా వాళ్లింట్లోదే. ఆ తృప్తి వాళ్ల బాబాయి ముఖంలో చూసిందే.

యాస అక్కడ నవ్వు పుట్టించే సరుకు కాదు. యాస వల్ల ఆ మనిషి నిజం అవుతాడు. నవ్వు, భయం రెండూ ఆ మనిషి బుద్ధి నుంచి పుడతాయి.

ఇప్పుడు మన టీవీ స్కిట్లు చూడండి. ఒక పాత్ర లోపలికి రాగానే ‘ఏటి సెప్తన్నావు బావా’ అంటుంది. జోకు ఇంకా మొదలవకుండానే నవ్వుల ట్రాక్ పడుతుంది. ఆ మాటలో జోకేముంది? విజయనగరంలో పొద్దున్న పాలు పోసేటప్పుడు అనే మాట, పార్వతీపురం బస్సులో కండక్టరు అనే మాట. కానీ ఆ యాసలో మాట్లాడేవాడు స్కిట్‌లో ఎప్పుడూ వాచ్‌మన్, లేకపోతే పనిమనిషి మొగుడు, లేకపోతే పట్నం చూసి నోరెళ్లబెట్టే పల్లెటూరి మనిషి. ఉత్తరాంధ్ర యాసలో మాట్లాడే డాక్టరు, అప్పులిచ్చే షావుకారు, కూతురి పెళ్లికి కట్నం లెక్కలేసే రిటైర్డ్ హెడ్‌మాస్టరు కనిపించరు. అంటే చూసి నవ్వదగ్గ అధికారం ఉన్నవాళ్లు ఒక్కరూ ఉండరు. అధికారం ఉన్నవాడి నోట యాస పెడితే వ్యంగ్యం అవుతుంది, దిక్కులేనివాడి నోట పెడితే వెక్కిరింత అవుతుంది. మన స్కిట్లు రాసేవాళ్లు ఈ తేడా పట్టించుకున్నట్టే కనిపించరు.

ఈ తేడా తెలిసినవాళ్లు మన దగ్గర లేకపోలేదు. ఈ నేల మీద పుట్టిందే ఆ విద్య. గురజాడ ‘కన్యాశుల్కం’ 1892లో విజయనగరంలో ప్రదర్శించారు. అందులో లుబ్ధావధాన్లు పిసినారితనం, అగ్నిహోత్రావధాన్లు మూర్ఖత్వం, గిరీశం కోతలు, అన్నీ ఈ ప్రాంతపు వాడుక మాటల్లోనే బయటపడతాయి. ఎవరి యాసనూ చూసి నవ్వమని గురజాడ అడగలేదు. ఇక రావిశాస్త్రి విశాఖలో లాయరు. కోర్టుల్లో, సారా కొట్ల దగ్గర విన్న మాటను అలాగే కథల్లో పెట్టారు. పోలీసు, ప్లీడరు, సారా వ్యాపారి మాట్లాడుతుంటే ఆ మాటల్లోనే వాళ్ల దోపిడీ కనిపిస్తుంది. పోల్ట్ మ్యూనిక్‌లో చేసిన పని, అంతకన్నా పదునుగా, ఈ ఊళ్లో కాగితం మీద జరిగింది. కాగితం మీంచి తెర మీదకు రావాల్సిన వంతెన మాత్రం ఎవరూ కట్టలేదు.

ఆ వంతెన బవేరియాలో ఎలా ఉందో చూస్తే ఇక్కడ ఏం లేదో తెలుస్తుంది. పశ్చిమ జర్మనీలో ప్రభుత్వ రంగ ప్రసారాలను రెండో ప్రపంచ యుద్ధం తర్వాత కావాలనే ముక్కలు చేసి ప్రాంతాలకు పంచారు. రాజధాని చేతిలో ఒకే గొంతు ఉంటే ఏమవుతుందో హిట్లర్ కాలంలో వాళ్లు చూశారు. 1950లో ఈ ప్రాంతీయ సంస్థలన్నీ కలిసి ఏఆర్‌డీ అనే కూటమిగా ఏర్పడ్డాయి. ఇప్పుడు అందులో తొమ్మిది ప్రాంతీయ సంస్థలున్నాయి. బవేరియాకు మ్యూనిక్‌లో సొంత సంస్థ ఉంది, సొంత స్టూడియోలు, సొంత ఛానెల్ ఉన్నాయి. ఖర్చు ఎవరిది? ప్రతి ఇంటి నుంచీ నెలకు 18.36 యూరోల ఫీజు వసూలు చేస్తారు. టీఆర్పీ రాకపోతే రేపు షో ఎత్తేస్తారన్న టెన్షన్ తక్కువ. బవేరియా జనాభా సుమారు కోటీ ముప్పై లక్షలు. మన పాత మూడు జిల్లాలు శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం కలిపి 2011 జనాభా లెక్కల్లో 93 లక్షల పైచిలుకు. మరీ అందరాని తేడా ఏం కాదు. జనం లేక కాదు, ప్రేక్షకులు లేక కాదు.

మరి మనకు? హైదరాబాద్ దూరదర్శన్ 1977లో మొదలైంది. 1995లో ప్రైవేటు తెలుగు ఛానెళ్లు వచ్చాయి, వినోదం తయారయ్యేది మళ్లీ హైదరాబాద్‌లోనే. విశాఖకు దక్కింది 1963లో వచ్చిన ఆకాశవాణి కేంద్రం. నిజం చెప్పాలంటే ఈ ప్రాంతపు మాటకు దొరికిన ఒకే ఒక్క గూడు అదే. రేడియో నాటకం ఉన్నన్నాళ్లూ ఇక్కడి గొంతు ఇక్కడే వినపడింది. టీవీ వచ్చాక వినడం పోయి చూడటం వచ్చింది, చూపించే యంత్రం మన దగ్గర లేదు. విశాఖ సముద్రం సినిమాలకు కావాలి, కొండల మీద రామానాయుడు స్టూడియో ఉంది, బీచ్ రోడ్డులో ఏదో ఒక యూనిట్ ఎప్పుడూ కనిపిస్తుంది. లొకేషన్ మనది, కథ మనది కాదు. మన మనుషులు అక్కడ గుంపులో నిలబడతారు.

అందుకే ఇక్కడి రంగస్థల నటుణ్ని పోషించింది టీవీ కాదు, టికెట్టు కూడా కాదు. ఉద్యోగం. పోర్టు, షిప్‌యార్డు, రైల్వే, తర్వాత స్టీల్‌ప్లాంటు. నెలాఖరుకు జీతం వచ్చే ఉద్యోగం ఉన్నవాడే సాయంత్రం రిహార్సల్‌కు వచ్చాడు, సెలవు పెట్టుకుని నాటక పరిషత్తు పోటీలకు వెళ్లాడు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో రిజిస్ట్రారు కూర్మా వేణుగోపాలస్వామి లాంటివాళ్లు ఓపెన్ ఎయిర్ థియేటర్ కట్టించి విద్యార్థులకు నాటకం అలవాటు చేశారు. ఆ చదువు పూర్తయ్యాక వాళ్లను నిలబెట్టింది మాత్రం ఏదో ఒక ఆఫీసు కుర్చీయే. కొండవలస జీవితం చదివితే నాకు కనిపించేది ఇదే. ఈ ఊళ్లో కళకు అసలు ప్రాయోజకుడు పబ్లిక్ సెక్టార్ పే స్లిప్పు. ఆ ఉద్యోగాలే కాంట్రాక్టు పనులుగా మారుతున్నాయి. స్టీల్‌ప్లాంటును అమ్మాలని 2021 జనవరిలో కేంద్రం నిర్ణయం తీసుకున్నప్పుడు ఊరంతా ఉపాధి గురించి మాట్లాడింది, మాట్లాడాల్సిందే. నాటకం గురించి ఎవరూ మాట్లాడలేదు. పన్నెండు గంటల షిఫ్టు చేసే కాంట్రాక్టు కుర్రాడు రిహార్సల్‌కు ఎలా వస్తాడు?

బవేరియా స్వర్గం అని నేను చెప్పడం లేదు. టీవీ ప్రాంతీయ పాలకుల చెప్పుచేతల్లోకి ఎంత తేలిగ్గా వెళ్లిపోతుందో కూడా అక్కడే చూడాలి. 1980లో చిన్న వేదికల కళాకారులకు జర్మనీలో ఇచ్చే పెద్ద బహుమతి పోల్ట్‌కు వచ్చింది. ఆ సభను టీవీలో చూపించారు. ఒక బవేరియా నాయకుడి మీద ఏమీ అనకూడదని ముందే ఆంక్ష పెట్టారు. పోల్ట్ వేదిక మీదకు వచ్చి, తనకిచ్చిన పది నిమిషాలూ దాదాపు మౌనంగా కూర్చున్నాడు. 1986లో చెర్నోబిల్ ప్రమాదం తర్వాత డీటర్ హిల్డెబ్రాంట్ నడిపే వ్యంగ్య కార్యక్రమం ఒక ఎపిసోడ్ ప్రసారమైతే, బవేరియా సంస్థ ఆ ప్రసారం నుంచి తప్పుకుంది. జర్మనీ అంతా చూసింది, బవేరియా తప్ప. రేపు విశాఖకు సొంత ఛానెల్ వచ్చినా ఇలాంటి చేతులు పడవని నమ్మడానికి వీల్లేదు. మన దగ్గర ఇంకా ఎక్కువే పడతాయి. కానీ పోల్ట్‌ను ఆపలేకపోయారు. ఎందుకంటే టీవీ నోరు మూసినా ఆయనకు మ్యూనిక్‌లో టికెట్టు కొనే హాలు ఉంది. హాలు లేకుండా టీవీ ఒక్కటే ఇస్తే కళాకారుడు బందీ అవుతాడు. రెండూ ఉంటేనే బేరం ఆడగలడు.

ఆ హాలు మాట వచ్చింది కాబట్టి చెప్పాలి. విశాఖలో కళాభారతి ఉంది, సిరిపురంలో గురజాడ కళాక్షేత్రం ఉంది, పౌర గ్రంథాలయం ఉంది. కట్టడాలకు లోటు లేదు. లోటు టికెట్టుకే. ఈ ఊళ్లో నాటకం ఫ్రీగా చూడాలి, దాత ఎవరో పెట్టుకోవాలి, మధ్యలో సన్మానాలు జరగాలి. సినిమాకు, అందులో పాప్‌కార్న్‌కు వందలు పెట్టే కుటుంబం, తన ఊరి నటుడికి వంద రూపాయలు పెట్టదు. ఈ మాట కటువుగా ఉన్నా అనకతప్పదు. సన్మానాలతో ఎవరి ఇల్లూ గడవదు.

జనం ఈ యాసను నిండు మనిషి నోట వింటారా అన్న అనుమానం 2018లోనే తీరింది. వెంకటేష్ మహా ‘కేరాఫ్ కంచరపాలెం’ తీసినప్పుడు విశాఖలోని ఆ వాడ మనుషులనే ఎక్కువగా పెట్టుకున్నాడు. ప్రేమించేవాడు, ఓడిపోయేవాడు, పెళ్లి కాని అటెండరు, అందరూ వాళ్ల మాటే మాట్లాడారు. హైదరాబాద్‌లోనూ చూశారు, అమెరికాలోనూ చూశారు. ఎవరూ యాసకు నవ్వలేదు. మరుసటేడు ఆ వాడ నుంచి ఒక టీవీ సీరియల్ పుట్టాల్సింది. పుట్టలేదు.

యూట్యూబ్ ఉంది కదా అని కుర్రాళ్లంటారు. ఉంది, మంచిదే. హైదరాబాద్ గేటు దగ్గర నిలబడకుండా శ్రీకాకుళం కుర్రాడు తన ఫోన్‌తోనే జనంలోకి వెళుతున్నాడు. నాకున్న అభ్యంతరం నిడివితోనే. అరవై సెకన్ల రీల్‌లో నిలబడేది ఒక ఊతపదం. కొండవలసను సినిమా ఏ ఊతపదంలోకి కుదించిందో, ఫోను ప్రతి కుర్రాణ్నీ మొదటి రోజే అందులోకి కుదిస్తోంది. ‘మాయ్ లింగ్’లో ఆ పెద్దమనిషి మొదటి నిమిషంలో మంచివాడిలాగే ఉంటాడు. అతనెవరో తెలియాలంటే చూసేవాళ్లకు ఇంకొన్ని నిమిషాల ఓపిక కావాలి, ఆ ఓపిక అడిగే హక్కు కళాకారుడికి ఉండాలి.

కాబట్టి అడగాల్సింది పెద్ద స్టూడియో కాదు. రాష్ట్రానికి సప్తగిరి పేరుతో దూరదర్శన్ ఛానెల్ ఉంది. అందులో వారానికి ఒక్క అరగంట విశాఖలో, విశాఖ హాల్లో, టికెట్టు కొన్న ప్రేక్షకుల ముందు రికార్డు చేసి చూపించమనాలి. రాసేవాళ్లు ఈ ప్రాంతం వాళ్లై ఉండాలి, ఏడాదికి కాంట్రాక్టు ఇవ్వాలి, చేసిన ప్రతిసారీ పారితోషికం ఇవ్వాలి. నగరపాలక సంస్థ తన చేతిలో ఉన్న హాళ్లను నెలకు రెండు సాయంత్రాలు టికెట్టు నాటకానికి అద్దె లేకుండా ఇవ్వాలి, ఆ రోజు సన్మానాలు పెట్టకూడదన్న షరతుతో. ఆకాశవాణి విశాఖ కేంద్రంలో మిగిలిన పాత నాటకాల టేపులను డిజిటల్ చేసి అందరికీ వినిపించాలి. పోర్టు, స్టీల్‌ప్లాంటు యాజమాన్యాలు తమ సామాజిక బాధ్యత (సీఎస్‌ఆర్) నిధుల్లోంచి ఇద్దరు ముగ్గురు యువ నటులకు నెల జీతం ఇవ్వగలవు. కొండవలసకు ఆ జీతం ఒక ఉద్యోగిగా వచ్చింది. ఇప్పటి కుర్రాడికి నటుడిగానే రావాలి.