భూమాత కోసం ఒక కుర్తా

ఈ మధ్య బట్టల కంటే ట్యాగులు బరువెక్కాయి. ఒక ‘వెదురు కుర్తా’ ట్యాగు చూడండి. మట్టి రంగు అట్టముక్క. అంచులు చేత్తో చించినట్టు కనపడాలని మిషన్ మీద చించారు. దానికి జనపనార దారం, దారానికి ఒక ఎండు పువ్వు. మీద వంకరటింకర అక్షరాల్లో ‘ఈ వస్త్రం భూమాతకు మీరు రాసే ప్రేమలేఖ’ అని ఉంటుంది. కింద ధర, 4,890 రూపాయలు. ప్రేమలేఖలకు పోస్టేజీ బాగా పెరిగినట్టుంది.

ట్యాగు వెనక వైపు వెదురు మహత్యం. వెదురుకు పురుగుమందు అక్కర్లేదట, ఎరువు అక్కర్లేదట, నరికినా మళ్లీ మొలుస్తుందట. వెదురు గురించి రాసిందాంట్లో పెద్దగా తప్పు పట్టేదేమీ లేదు. కుర్తా గురించి మాత్రం ఒక్క ముక్క లేదు. అది కావాలంటే కుర్తాను తిరగేసి పక్క కుట్టు లోపల వెతకాలి. గోరంత తెల్ల పట్టీ ఒకటి దొరుకుతుంది. అందులో, చత్వారం ఉన్నవాళ్లు జన్మలో చదవలేని సైజులో, ‘100% విస్కోస్, డ్రై క్లీన్ ఓన్లీ’ అని ఉంటుంది. ట్యాగు రాసినాయన కవి. పట్టీ రాసినాయన చట్టానికి భయపడే మనిషి. ఇద్దరూ ఒకే కంపెనీలో జీతం తీసుకుంటూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా బతుకుతున్నారు.

వెదురు బొంగు కుర్తా ఎలా అవుతుందో ట్యాగులో చోటు చాలక రాయలేదు కాబట్టి ఇక్కడ రాసుకుందాం. బొంగుల్ని ముక్కలు చేసి, రసాయనాలతో ఉడికించి గుజ్జు తీస్తారు. ఆ గుజ్జును 18 శాతం దాకా ఉన్న కాస్టిక్ సోడాలో నానబెట్టి, పిండి, పొడి చేసి కొన్ని గంటలు మాగనిస్తారు. తర్వాత కార్బన్ డైసల్ఫైడ్ పట్టిస్తారు. గుజ్జు నారింజ రంగుకు తిరుగుతుంది. దాన్ని మళ్లీ పలచటి కాస్టిక్‌లో కరిగిస్తే తేనెలా చిక్కటి ద్రవం వస్తుంది. దాన్ని సన్న రంధ్రాల గుండా సల్ఫ్యూరిక్ ఆమ్లం తొట్టిలోకి చిమ్మితే పోగవుతుంది. అదే విస్కోస్, మన పాత రేయాన్. ఇంత స్నానం చేసి వచ్చాక అది వెదురుదో యూకలిప్టస్‌దో దాన్ని కన్నతల్లి కూడా పోల్చుకోలేదు. ములుగు జిల్లా కమలాపురంలో 2014లో మూతపడే దాకా ఒక మిల్లు రేయాన్ గుజ్జే తీసింది. ఆ గేటు ముందు ఎండు పువ్వు కట్టిన ట్యాగు వేలాడదీయాలన్న తెలివి పాపం అప్పట్లో ఎవరికీ రాలేదు.

కార్బన్ డైసల్ఫైడ్ కూడా కొత్తగా బయటపడిన దొంగేమీ కాదు. రబ్బరు కార్ఖానాల్లో దాన్ని పీల్చిన కూలీలకు నరాలు, మతి ఎలా దెబ్బతింటున్నాయో పారిస్ వైద్యుడు డెల్పెష్ 1856లోనే రాసిపెట్టాడు. దీన్ని తప్పించే లయోసెల్ అనే పద్ధతి ఒకటుంది. అందులో వాడిన ద్రావకాన్ని దాదాపు మొత్తం మళ్లీ పట్టుకుని వాడతారు. అలా చేసినవాళ్లు పట్టీ మీద ‘లయోసెల్’ అని ఛాతీ విరుచుకుని రాసుకుంటారు. రాయలేదంటే కాదనే లెక్క.

అమెరికాలో ఈ వెదురు నాటకం ఎప్పుడో కోర్టు మెట్లెక్కింది. అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2010 జనవరిలో 78 దుకాణ సంస్థలకు, ‘రేయాన్‌ను వెదురని అమ్మకండి’ అని ఉత్తరాలు రాసింది. విననివాళ్లను తర్వాత కోర్టుకీడ్చింది. 2022లో వాల్‌మార్ట్, కోల్స్ అనే రెండు పెద్ద దుకాణ సంస్థలు కలిపి 55 లక్షల డాలర్లు కట్టాల్సి వచ్చింది. మన దగ్గరా 2024 అక్టోబర్‌లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ మార్గదర్శకాలు ఇచ్చింది. ‘ఎకో ఫ్రెండ్లీ’, ‘గ్రీన్’ లాంటి మాటలు వాడితే రుజువు చూపాలట. ఆ కాగితం మన ట్యాగు కవులకు ఇంకా అందినట్టు లేదు. అందితే అదీ రీసైకిల్డ్ పేపరేనా అని అడుగుతారేమో.

ఇక సంతకు వెళదాం. ఆదివారం సాయంత్రం, హైదరాబాద్‌లో ఖరీదైన పేటలో ఒక ఫంక్షన్ హాలు. బయట ఎండ 41, లోపల ఏసీ 18. గుమ్మం మీద ‘జీరో వేస్ట్ సంత’ అని ఇరవై అడుగుల ఫ్లెక్సీ. ఫ్లెక్సీ అంటే పీవీసీ అని నిర్వాహకులకు చెప్పే ధైర్యం ఎవరికుంది? అడుగు పెట్టగానే మట్టి కప్పులో కషాయం, 150. మొదటి స్టాల్లో ‘అప్‌సైకిల్డ్’ జాకెట్టు. పాత బట్టల ముక్కలతో కుట్టారనుకుంటే మీరు అమాయకులు. కొత్త తాను విప్పి, ముక్కలు కోసి, ఆ ముక్కల్ని మళ్లీ అతికి కుట్టారు. అతుకులు కనపడకపోతే ధర కనపడదు. కోసినప్పుడు రాలిన పీలికల్ని పారేస్తే పాపం కదా, అందుకని చెవి రింగులు చేశారు. జత 650.

రెండో స్టాల్లో మన కుర్తా.

‘ఇది ఏం బట్టమ్మా?’

‘బ్యాంబూ సిల్క్ మేడమ్. ఫుల్లీ సస్టెయినబుల్.’

‘ఇందులో సిల్క్ ఎంత?’

‘ఫీల్ మొత్తం సిల్కే మేడమ్.’

‘ఇంట్లో ఉతుక్కోవచ్చా?’

‘అయ్యో, నీళ్లు తగలకూడదు మేడమ్. డ్రై క్లీన్ ఓన్లీ.’

‘మరి వానలో తడిస్తే?’

‘వాన రోజు వేరేది వేసుకోండి మేడమ్. మన దగ్గర మాన్‌సూన్ కలెక్షన్ కూడా ఉంది.’

‘ఏమండీ, ఏమంటారు?’

‘తీసుకో. ప్లానెట్ కోసమే కదా.’

ఇంట్లో బీరువా తలుపు మోకాలితో నెడితే గానీ పడదు. కానీ ప్లానెట్ అడిగితే కాదనలేం కదా! ఇంతకీ భూమాతకు రాసిన ఆ ప్రేమలేఖను శుభ్రం చేసేది దేనితో? పెద్ద షాపులో అయితే పర్క్ అనే క్లోరిన్ ద్రావకంతో, అంటే ప్రపంచ ఆరోగ్య సంస్థ కాన్సర్ విభాగం ‘బహుశా కాన్సర్ కారకం’ జాబితాలో పెట్టినదానితో. చిన్న షాపులో అయితే పెట్రోలియం నూనెతో. బిల్లు కట్టాక అమ్మాయి చెప్పే ఆఖరి మాట, ‘ట్యాగు పారెయ్యకండి మేడమ్, కుండీలో నాటితే తులసి వస్తుంది.’ విత్తనాల కాగితమట. మరి కుర్తాను నాటితే? విస్కోస్ మట్టిలో కలిసిపోతుంది, అంత వరకు న్యాయం. కుట్టిన దారం పాలిస్టర్, గుండీలు ప్లాస్టిక్, జిప్పు నైలాన్. అవి మాత్రం మీ మనవలు తవ్వినప్పుడు క్షేమంగా దొరుకుతాయి.

కొనే ముందు తేల్చుకోవాలంటే రెండు నిమిషాల పని. అంచులోంచి ఒక పోగు పీకి నిప్పంటించండి. కరిగి, నల్లగా పొగ వచ్చి, గట్టి పూసలా మిగిలితే పాలిస్టర్. జుట్టు కాలిన వాసన వచ్చి, నలిపితే పొడి అయ్యే బూడిద మిగిలితే పట్టు. కాగితం కాలిన వాసన వస్తే కాటన్ కావచ్చు, విస్కోస్ కూడా కావచ్చు. చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. అప్పుడు ఇంకో పోగు తీసి మధ్యలో తడిపి లాగాలి. విస్కోస్ తడిస్తే బలం సగానికి దగ్గరగా పడిపోతుంది, తడిసిన చోటే పుటుక్కుమంటుంది. కాటన్ తడిస్తే ఇంకా గట్టిపడుతుంది, పొడిగా ఉన్న చోటే తెగుతుంది. వాన రోజు వేరేది వేసుకోమని ఆ అమ్మాయి ఎందుకందో ఇప్పుడు తెలిసిందిగా! ‘పసుపుతో అద్దిన సహజ రంగు’ అంటే గుడ్డ మూలకు సబ్బు నీళ్లు తాకించండి. నిజంగా పసుపైతే ఎర్రబడుతుంది. ‘ఆర్గానిక్ కాటన్, గాట్స్’ అంటే, అంటే ఆర్గానిక్ బట్టకిచ్చే అంతర్జాతీయ ముద్ర ఉందంటే, ధ్రువీకరించిన సంస్థ పేరు, లైసెన్సు నంబరు ట్యాగు మీద ఉండాలి. నంబరు లేని గాట్స్ ఒట్టి బొమ్మ. నంబరున్నా పూర్తి భరోసా ఏమీ లేదు. 2020లో మన దేశంలోనే 20 వేల టన్నుల పత్తికి దొంగ సర్టిఫికెట్లు పుట్టించారని గాట్స్ సంస్థే ప్రకటించింది.

సంచి సంగతి క్షుణ్ణంగా రాస్తే ఇంకో వ్యాసమవుతుంది. ‘నేను ప్లాస్టిక్ కాదు’ అని రాసి ఇచ్చే ఆకుపచ్చ సంచిని దగ్గరగా చూడండి. చుక్కల ముద్రలుంటాయి, పడుగు ఉండదు, పేక ఉండదు. అది పాలీప్రొపిలీన్ పోగుల్ని వేడి చేసి అదిమిన రేకు, నూటికి నూరు పాళ్లూ ప్లాస్టిక్. 2021 ప్లాస్టిక్ నిబంధనల్లో దానికి చదరపు మీటరుకు 60 గ్రాముల తూకం ఉండాలన్న షరతు పెట్టింది అందుకే. ఇక నిజం కాటన్ సంచి. డెన్మార్క్ పర్యావరణ శాఖ 2018లో లెక్క కట్టింది. వాతావరణం ఒక్కటే చూస్తే సాదా కాటన్ సంచి 52 సార్లు వాడితే ప్లాస్టిక్ సంచితో సమానమవుతుంది. ఓజోన్ పొర మొదలు అన్ని అంశాల్లోనూ సమానం కావాలంటే, ఆర్గానిక్ కాటన్ సంచిని 20 వేల సార్లు వాడాలి. రోజూ మోసినా దాదాపు 55 ఏళ్లు. సంతలో ప్రతి స్టాలూ ఒకటి చేతిలో పెడుతుంది. ఇంటికొచ్చేసరికి నాలుగు జన్మలకు సరిపడా సంచులు.

ఇంతవరకు నవ్వుకోవచ్చు. అదే హాల్లో చివరి స్టాలు ముందు నవ్వు రాదు. అక్కడ ‘పోచంపల్లి ఇకత్ శారీ, ఎకో హ్యాండ్‌మేడ్, 799’ అని ఒక చీర వేలాడుతుంటుంది.

చీర తిరగేయండి. వెనక రంగు పాలిపోయి ఉందా? అయితే అది సాదా పాలిస్టర్ మీద మిషన్ అచ్చేసిన ఇకత్ బొమ్మ. అసలు ఇకత్‌కు వెనకా ముందూ ఉండదు, ఎందుకంటే నేసే ముందే నూలుకు రంగు పడింది. చిలపలు, అంటే నూలు చుట్టలు తెచ్చి, ఆసు పోసి, అంటే నూలును మేకుల చుట్టూ తిప్పి, బొమ్మ లెక్క ప్రకారం పోగుల్ని రంగు అంటకుండా సైకిల్ ట్యూబు రబ్బరు పీలికలతో చిటికి కట్టి, రంగులో ముంచి, విప్పి, మళ్లీ కట్టి, మళ్లీ ముంచి, ఆ తర్వాత మగ్గం ఎక్కిస్తారు. రంగు పోగు వెంట కొద్దిగా పాకుతుంది కాబట్టే బొమ్మ అంచు నూగుగా ఉంటుంది. గీత గీసినట్టు ఉంటే అనుమానించాలి. చేత్తో ఆసు పోస్తే ఒక్క చీరకు 9 వేల సార్లు చెయ్యి అటూ ఇటూ ఆడాలి. వాళ్లమ్మ భుజం పడే బాధ చూడలేకే చింతకింది మల్లేశం ఆసు యంత్రం చేశారు, 2017లో పద్మశ్రీ అందుకున్నారు. ఇంటిల్లిపాదీ వారాల తరబడి ఒంచిన నడుం ఎత్తకుండా చేసే పని అది. గుంట మగ్గానికి కరెంటు వాడకం ఎంతయ్యా అంటే, పైన వేలాడే బల్బు. ఆ బొమ్మను ఎవడో ఫోన్‌లో ఫొటో తీసుకుని, మిల్లులో కిలోమీటర్ల కొద్దీ అచ్చేసి, ‘ఎకో’ అని పేరు పెట్టి 799కి అమ్ముతున్నాడు. ఇది దొంగతనం. దీనికి ఇంకో మర్యాదైన పేరు పెట్టక్కర్లేదు.

అడ్డుకోవడానికి చట్టం లేదా అంటే ఉంది. 1985 రిజర్వేషన్ చట్టం కొన్ని రకాల బట్టల్ని చేనేతకే కేటాయించింది. మొదట 22 రకాలు, ఇప్పుడు 11. అదీ మరమగ్గం మీద నేస్తేనే పట్టుకుంటుంది, అచ్చేస్తే చూస్తూ కూర్చుంటుంది. పోచంపల్లికి జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు ఉంది. ఆ గుర్తింపు కాగితం పట్టుకుని నేతగాడు మగ్గం వదిలి ఏ ఊరి మార్కెట్లో ఎన్ని దుకాణాలు తిరగాలి? నూలు సంగతి చూడండి. మిల్లులు చేనేతకు పనికొచ్చేలా చిలపల రూపంలో కట్టాల్సిన నూలు వాటాను 2019 జనవరిలో 40 శాతం నుంచి 30కి కోశారు. 2017లో జీఎస్టీ వచ్చి నూలు మీద 5 శాతం, బట్ట మీద 5 శాతం వేసింది. 1991లో నూలు ఎగుమతులు పెరిగి ధర మండిపోయినప్పుడు చీరాల చుట్టుపక్కల నేతవాళ్లు ఆకలితో చచ్చిపోయారు. ఆకలితో! ఊరందరికీ బట్ట కట్టినవాళ్లు! 2019-20 చేనేత గణనలో మూడింట రెండొంతుల నేత కుటుంబాల ఆదాయం నెలకు 5 వేల లోపే అని తేలింది. ట్యాగు మీద ఆ కుర్తా ధర ఎంతన్నాం?

అయినా ఏటా ఆగస్టు 7న జాతీయ చేనేత దినోత్సవం బ్రహ్మాండంగా జరుగుతుంది, 2015 నుంచి. 2020లో అయితే జులై 27నే అఖిల భారత చేనేత బోర్డును రద్దు చేసి, సరిగ్గా పదకొండు రోజులకే ‘వోకల్ ఫర్ హ్యాండ్‌మేడ్’ అని పిలుపిచ్చారు. ఆ రోజంతా మంత్రులు, తారలు, ఆఫీసర్లు, సంతకు వెళ్లొచ్చిన మేడమ్‌లు చేనేత కట్టుకున్నామంటూ ఫొటోలు పెట్టారు. వచ్చే ఆగస్టు 7న ఫొటో దిగేవాళ్లకు ఒక్కటే విన్నపం. కొంగు తిరగేసి, వెనక వైపు కెమెరాకు చూపిస్తూ దిగండి.