రాజుగారు దాటని నది

ఫ్రాన్సు రాజుల వెర్సాయ్ కోటలోని అద్దాల మందిరం పైకప్పు బొమ్మల్ని రాగిరేకుల మీద చెక్కి అచ్చేశారు. వాటిని ఫ్రేము కట్టించుకున్న ప్రతివాళ్లూ ఒకటే మాట: "ఎంత సన్నపనో చూడండి!" చూశాం. చూస్తూనే ఉన్నాం. ఆ సన్నపనితో చెక్కిందేమిటని అడగడం మాత్రం అమర్యాద.

సరే, పనితనం గురించే మాట్లాడుకుందాం. ఆస్థాన చిత్రకారుడు లె బ్రన్ 1681 నుంచి 1684 దాకా ఆ కప్పు నిండా ఫ్రాన్సు రాజు పద్నాలుగో లూయీ ఘనకార్యాలే చిత్రించాడు. అయితే తలెత్తి చూస్తే మెడ పట్టేస్తుంది, పాపం సగం పొగడ్త వృథా. ఈ లోటు తీర్చడానికి మాసే అనే చిత్రకారుడు నడుం కట్టాడు. 1723లో మొదలెట్టిన పని 1752కి పుస్తకమైంది. రాజు పోయింది 1715లో! బతికున్న రాజుకి కాకా పట్టేవాడికి ఏదో ఆశ ఉంటుంది, అర్థం చేసుకోవచ్చు. పోయిన రాజుకి దాదాపు ముప్పై ఏళ్లు పట్టడాన్ని నిష్కామ భజన అనాలి.

(ఆ మందిరంలోని వెండి సామాను మాత్రం 1689లోనే యుద్ధ ఖర్చులకి కరిగించారు. పొగడ్తని కరిగిస్తే ఏమొస్తుంది గనక!)

ఆ బొమ్మల్లో నాకు బాగా ఇష్టమైంది 1672లో డచ్చివాళ్ల మీదికి దండెత్తుతూ రైన్ నది దాటే ఘట్టం. రథం మీద రాజుగారు, చేతిలో పిడుగు. ఒంటి మీద రోమన్ కవచం, భుజాల మీద పారిస్ ఉంగరాల జుట్టు. యుద్ధం జరుగుతున్నా ఒక్క ఉంగరం చెదరలేదు. ముసలివాడి రూపంలో ఉన్న రైన్ నది హడలిపోతోంది. ఎవర్ని చూసి హడలిందో దానికే తెలియాలి, ఎందుకంటే ఆ రోజు నదిలో దిగింది గుర్రపు దళం. రాజుగారు ఇవతలి గట్టునే ఉండిపోయారు. కవి బొయిలో దీనికీ దారి కనిపెట్టాడు: తనని గట్టుకి కట్టిపడేసిన సొంత గొప్పతనం మీద రాజుగారు విసుక్కుంటున్నారట! పిడుగు పట్టుకోనిస్తుంది గానీ కాళ్లు తడవనివ్వదన్నమాట, ఆ గొప్పతనం.

అదే దండయాత్రలో, అదే ఏడాది డిసెంబరులో, ఆ సైన్యమే బోదెగ్రావెన్, జ్వామర్‌డామ్ అనే డచ్చి ఊళ్లని తగలబెట్టి జనాన్ని ఊచకోత కోసింది. కప్పు మీద ఆ ఊళ్లేవి? లేవు. అవి 1673లో రొమెయిన్ డె హోగె అనే డచ్చివాడి రాగిరేకుల మీదికి ఎక్కాయి. అవీ అచ్చుబొమ్మలే, వాటిలోనూ సన్నపనే. సోఫా పైన వాటిని తగిలించుకున్నవాణ్ణి ఒక్కణ్ణి చూపించండి! "అయ్యో, హాల్లో శవాలేంటండీ" అంటారు. శవాలు వద్దు, వాళ్లని చంపించినవాడి ఉంగరాల జుట్టయితే కావాలి.